ఊకగోడ ఇల్లు, బాలస్వామి గారి చివరి నివేదిక

1990వ సంవత్సరం జులై రెండవ తేదీ, సోమవారం ఉదయం, ఒక చేతిలో నియామక పత్రమూ మరొక చేతిలో సొంత డబ్బులతో కొనుక్కున్న కొలత టేపూ పట్టుకొని, నంద్యాలలోని మన కుందూతీర గృహనిర్మాణ సహకార రుణ సంఘం మెట్లెక్కిన పాతికేళ్ల యువకుడు శ్రీ జి. బాలస్వామి గారు. ముప్పై అయిదు వసంతాల నిర్విరామ సేవానంతరం, 2025 జూన్ ముప్పయ్యవ తేదీన, ఇదీ సోమవారమే, సాంకేతిక అధికారి హోదాలో వారు అవే మెట్లు దిగుతున్న శుభసందర్భాన, ఈ అభినందన సంచికలో వారిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం ఈ వ్యాసకర్తకు దక్కింది. నాలుగు మాటలకే పరిమితం కమ్మని సంచిక కమిటీ వారు మరీ మరీ చెప్పారు గాని, బాలస్వామి గారి సంగతి మొదలుపెట్టాక మధ్యలో ఆపగలిగిన మొనగాడు మన కార్యాలయంలో ఇంతవరకూ పుట్టలేదు.

గోస్పాడు మండలంలోని ఒక పల్లెలో, బేల్దారి పనిలో చేయి తిరిగిన సామ్యేలు గారి జ్యేష్ఠ పుత్రులుగా జన్మించిన బాలస్వామి గారు, అక్షరాభ్యాసానికి ముందే సున్నం పాళ్లు నేర్చినవారు. సెలవుల్లో తండ్రి వెంట ఇటుకలు అందిస్తూ, బడి రోజుల్లో లెక్కల్లో ప్రథములుగా నిలుస్తూ, నంద్యాల పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా పూర్తిచేసి, ఆ పల్లె నుంచి ప్యాంటు వేసుకొని పనిలోకి పోయిన మొదటి మనిషిగా పేరు తెచ్చుకున్నారు. అయితే ఆ ప్యాంటుకు సున్నం అంటని దినమంటూ ఈ ముప్పై అయిదేళ్లలో లేదని వారి సతీమణి శ్రీమతి జయమ్మ గారు నేటికీ వాపోతుంటారు.

ఉద్యోగంలో చేరిన రెండేళ్లకు ఆళ్లగడ్డ శాఖకు పర్యవేక్షకులుగా వెళ్లి అయిదేళ్లు, అటుపై సున్నిపెంటలో మూడేళ్లు, పాణ్యంలో సుదీర్ఘ కాలం పనిచేసి, 2012లో ప్రధాన కార్యాలయానికి సాంకేతిక అధికారిగా పదోన్నతి పొందారు. ఎక్కడ పనిచేసినా వారి పద్ధతి ఒక్కటే. రుణం కోరినవారి ఇంట కొలతలు ముగిసేదాకా మంచినీళ్లు సైతం ముట్టరు. ముగిశాక మజ్జిగ ఇస్తే రెండో గ్లాసుకు మొహమాటపడరు. పునాది చూడకుండా గోడ చూడరు, గోడను చూపుడువేలి కణుపుతో తట్టకుండా సంతకం చేయరు. మేస్త్రీలను మందలించేటప్పుడు వారి గొంతు వీధి చివరిదాకా వినిపించేది. అదే మేస్త్రీ ఇంట్లో జ్వరమని తెలిస్తే ఆ సాయంత్రమే మాత్రలు పట్టుకొని వెళ్లేవారు. ఆదివారం చర్చిలో పాట అందుకుంటే మాత్రం, గొంతు తమ వంతు, శ్రుతి సంగతి దేవుడి వంతు అన్నట్టు పాడేవారు.

ఇటువంటి వ్యాసాల్లో సన్మానితుల మానవీయతను చాటే చిన్న సంఘటన ఒకటి రాయడం ఆనవాయితీ. ఇక్కడ రాయబోయేది చిన్నది కాదు, పైగా వారి ప్రతిభను చాటేది అంతకన్నా కాదు. వారు చేసిన ఒక తప్పును గురించినది. దీన్ని రాయవచ్చునా అని అనుమతి అడిగినప్పుడు, అది లేకపోతే మిగిలినదంతా ఉత్త పూలదండే కదప్పా అన్నారు బాలస్వామి గారు. కనుక రాస్తున్నాం.

1994లో ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి నడుపుకొనే శ్రీమతి మహానందమ్మ గారి కుటుంబం మన సంఘం రుణంతో ఇల్లు మొదలుపెట్టింది. స్థలం పడమటి ముఖం. మధ్యాహ్నం రెండు దాటితే ఆ గోడ మీద అట్టు పోసుకోవచ్చు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ల బాలస్వామి గారు, హైదరాబాదులో వారం రోజుల శిక్షణకు వెళ్లివచ్చిన కొత్త ఉత్సాహంలో ఉన్నారు. రెండు వరసల గోడ కట్టి నడుమ ఖాళీ వదిలితే ఎండ వేడి లోపలికి రాదని అక్కడ నేర్చుకున్నారు. ఆ ఖాళీని మరికాస్త గట్టిగా పనిచేయించాలని వారి సొంత బుర్రకు తోచింది. వెలుపల నాపరాతి వరస, లోపల ఇటుక వరస, నడుమ నాలుగు వేళ్ల ఖాళీలో నంద్యాల రైసుమిల్లుల దగ్గర కుప్పలుగా పడి ఉండే ఊకను, చెదలు పట్టకుండా సున్నం పొడి కలిపి, కూరి నింపించారు.

ఇల్లు చల్లగా నిలిచింది. మే నెలలో కూడా ఆ పడమటి గదిలో మధ్యాహ్నం కునుకు తీయవచ్చునని ఊరంతా చెప్పుకున్నారు. చుట్టుపక్కల వాళ్లు వచ్చి గోడకు చెంప ఆనించి చూసి పోయేవారు. ఊకగోడ ఇల్లు అని దానికి పేరు పడింది. మరో మూడిళ్లవారు, పాణ్యంలో ఒకరూ గోస్పాడులో ఇద్దరూ, తమకూ అలాగే కావాలని పట్టుబట్టి కట్టించుకున్నారు. ఆ ఇంటి పేరు చెబితే చాలు, ఆళ్లగడ్డలో బాలస్వామి గారికి టీ కొట్టువాడు డబ్బులు తీసుకోని రోజులవి.

చేసిన పొరపాటు ఎక్కడంటే, గోడ అడుగున. రెండు వరసల గోడ కట్టినప్పుడు ఏ పగులులోంచో లోపలికి దిగిన వాననీరు బయటికి పోవడానికి అడుగు వరసలో చిన్న చిన్న రంధ్రాలు వదలాలి. బాలస్వామి గారు నక్షాలో పదకొండు రంధ్రాలు గీశారు, మేస్త్రీ చేత వదిలించారు కూడా. కాని గృహప్రవేశం ముందురోజు మహానందమ్మ గారు వాటిని చూసి హడలిపోయారు. అంగడిలో పట్టని వేరుశనగ విత్తనాల మూటలన్నీ ఆ పడమటి గదిలోనే పెట్టుకోవాలని ఆమె ఉద్దేశం. ఈ బొక్కల్లో ఎలుకలు దూరితే తన గతేమిటని అడిగారు. విత్తనాల వ్యాపారం చేసే ఇంట ఎలుక భయం పాము భయం కన్నా పెద్దది. బాలస్వామి గారు కాసేపు ఆలోచించారు. సున్నం కలిపిన ఊకలో చెమ్మ నిలవదులే అనుకున్నారు. మెప్పు పొందిన ఇంట ఒక మాట కాదనడానికి మొహమాటం అడ్డొచ్చింది. తాపీ అడిగి తీసుకొని, ఇస్త్రీ చొక్కా మీదనే గొంతుక్కూర్చొని, పదకొండు రంధ్రాలనూ తమ చేతులతోనే మూసేశారు. ఆ వారంలోనే పూర్తి ధ్రువపత్రం రాస్తూ, కట్టడం నక్షా ప్రకారమే ముగిసినదని సంతకం పెట్టారు. నక్షాలో రంధ్రాలు అలాగే ఉండిపోయాయి.

ముప్పై ఒక్క ఏళ్లు గడిచాయి. ఈ ఏడాది ఏప్రిల్ మొదటి వారంలో మహానందమ్మ గారు ఆ ఇల్లు అమ్మకానికి పెట్టారు. నలభై ఏళ్లుగా అద్దెకు నడుపుతున్న అంగడిని దాని యజమాని అమ్మేస్తున్నాడు; జూన్ పదో తేదీలోగా నువ్వు కొంటే సరి, లేకుంటే వేరేవాళ్లకు ఇచ్చేస్తానని తెగేసి చెప్పాడు. ఇల్లు అమ్మి అంగడి కొనుక్కొని, పై అంతస్తులో కాపురం పెట్టుకోవాలని ఆమె నిశ్చయం. కొనుగోలుదారు కూడా దొరికారు: ఆళ్లగడ్డలోనే ఉపాధ్యాయినిగా పనిచేసే శ్రీమతి వినీత గారు. ఆమె రుణం కోసం వచ్చినది మన సంఘానికే.

ఇల్లు పరీక్షించడానికి మన సహాయ ఇంజనీరు కుమారి సాయి ప్రియ వెళ్లింది. ఉద్యోగంలో చేరి రెండేళ్లే అయినా, గోడ తట్టి చూడటం బాలస్వామి గారి దగ్గరే నేర్చుకున్న పిల్ల. పడమటి గోడ పైభాగం తడితే డొల్లగా మోగింది, కింది భాగం మూగగా ఉంది. బీరువా జరిపించి చూస్తే గోడ అడుగున ఉప్పు పూసి, సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. అక్కడే కిందుగా ఉన్న స్విచ్ బోర్డు మరలు విప్పగానే నల్లటి ఊక పొడి గుప్పెడు రాలిపడింది. సంగతి తేలిపోయింది. ముప్పై ఏళ్లలో ఊక కుంగి పైన ఖాళీ అయింది. రాళ్ల సందుల్లోంచి దిగిన వాననీరు పోయే దారిలేక అడుగున ఊకను కుళ్లబెట్టింది. సాయి ప్రియ పాత నక్షా తీసి చూసింది. అందులో పదకొండు రంధ్రాలున్నాయి, గోడకు ఒక్కటీ లేదు. యజమానురాలే తర్వాత మూయించి ఉంటారని, అందువల్లనే గోడ పాడైనదని ఆమె నివేదిక రాసింది. కాగితాలను బట్టి చూస్తే ఎవరైనా అదే రాస్తారు.

ఆ ఒక్క వాక్యం ఎంత బరువైనదో పాఠకులకు చెప్పాలి. ఆమోదించిన నక్షాకు విరుద్ధంగా యజమాని చేసిన మార్పు వల్ల కట్టడానికి హాని జరిగితే, ఆ ఇంటిని హామీగా స్వీకరించరాదన్నది మన నిబంధన. మన సంఘం పర్యవేక్షణలోనే లోపం జరిగి ఉంటే మాత్రం, మన సిబ్బంది ఎదుట మరమ్మతు చేయించి, తిరిగి పరీక్షించి, స్వీకరించవచ్చు. అంటే సాయి ప్రియ రాసినట్టే పోతే వినీత గారికి రుణం లేదు, మహానందమ్మ గారికి అంగడి లేదు.

నివేదిక ధ్రువీకరణ కోసం బాలస్వామి గారి బల్ల మీదికి వచ్చింది. దాని వెనక కుట్టి ఉన్న 1994 నాటి ధ్రువపత్రంలో తమ దస్తూరీ తామే చదువుకున్నారు. రంధ్రాలు మూసిన సంగతి తమకూ మహానందమ్మ గారికీ తప్ప మరెవరికీ తెలియదు. విరమణకు మూడు నెలలు కూడా లేవు. ఆ ఫైలును వారు సొరుగులో పెట్టి తాళం వేశారు. ఎవరి ఫైలునూ సాయంత్రం దాటనివ్వని మనిషి, ఆ ఫైలును మూడు రోజులు బయటికి తీయలేదు. ఆ మూడు రోజులూ ఏదైనా అడిగితే చికాకుపడ్డారని అందరం వెనక సణిగాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు జయమ్మ గారు పట్టేశారు. కార్యాలయంలో మనకు వారు సాంకేతిక అధికారి గాని, ఆమెకు కాదు గదా.

"ఏందీ, ముద్ద చేతిలో పెట్టుకోని యాడో చూస్తాండావ్? మూడు దినాల నుంచి ఇదే వరస."

బాలస్వామి గారు ఉన్నదంతా చెప్పేశారు. సర్వీసంతా ఒక్క మచ్చ లేకుండా గడిచిందనీ, ఇప్పుడు ఇది బయటపెడితే చివరికి చెడ్డపేరుతో ఇంటికి రావలసి వస్తుందనీ అన్నారు. జయమ్మ గారు మజ్జిగ పోస్తూ విన్నారు.

"రాసేయ్. రిటైరైనాక గూడా మనం ఈ ఊర్లల్లోనే గదా తిరగాల్సింది. ఆయమ్మ ఎదురొస్తే సందులోకి దూరి పోతావా?"

ఆ మరుసటి ఉదయమే బాలస్వామి గారు బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లారు. అంగడిలో జనం పలచబడేదాకా బల్ల మీద కూర్చున్నారు. ముప్పై ఏళ్లుగా ఎవరు ఇల్లు మెచ్చుకున్నా అంతా మా బాలస్వామప్ప చలవ అని చెప్పుకొనే మనిషి ముందు, ఆ గోడ చెడింది నా వల్లే అని చెప్పడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. ఎలాగో చెప్పారు. మహానందమ్మ గారు తూకం ఆపి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"మూయమని పట్టుబట్టింది నేను గదప్పా. నీదేం తప్పు?"

"నువ్వు ఎలకల గురించి అడిగినావక్కా. నీళ్ల గురించి తెలిసింది నాకు. వద్దని చెప్పాల్సింది నేనే. నీకు మంచోన్ని అనిపించుకోవాలని చూసినా."

ఆమె కళ్లజోడు తిరిగి పెట్టుకొని తూకం అందుకున్నారు. అంగడి పోతే తాను ఏం కావాలో, ఈ వయసులో కొత్త చోట ఎవరు తనను నమ్మి విత్తనాలు కొంటారో అని మాత్రం ఒకసారి అన్నారు. బాలస్వామి గారు, పోయి రాసి వస్తానక్కా అని లేచారు.

ఆ సాయంత్రం వారు రాసిన నివేదిక మన సంఘం చరిత్రలో అపూర్వమైనది. గోడ పరిస్థితి, కుంగిన ఊక, చెమ్మ ఎక్కిన ఎత్తు, అన్నీ అంగుళాలతో సహా పేర్కొని, కారణం అన్న గడిలో ఇలా రాశారు: "నీరు పోయే పదకొండు రంధ్రాలను గృహప్రవేశానికి ముందురోజు నేనే మూశాను. నక్షా ప్రకారం పూర్తయినదని నేను ఇచ్చిన ధ్రువపత్రం తప్పు. యజమానురాలి దోషం లేదు." దాని కిందనే, అడుగున రంధ్రాలు లేకుండా ఇదే తీరున కట్టిన మిగతా మూడు ఇళ్ల చిరునామాలు కూడా రాశారు. అవి ఎవరూ అడగలేదు.

కార్యదర్శి గారు వారిని పిలిపించి, కారణం నిర్ధారణ కాలేదని రాస్తే సరిపోతుంది కదా అని అభిమానం కొద్దీ నచ్చజెప్పబోయారు. అలా రాస్తే సంఘం పర్యవేక్షణ లోపమని ఎట్లా అవుతుంది సార్, రుణం ఎట్లా వస్తుంది అని బాలస్వామి గారు తిరిగి అడిగారు. కార్యదర్శి గారికి నిబంధనల ప్రకారం సంజాయిషీ కోరుతూ మెమో ఇవ్వక తప్పలేదు. ఆ మెమో టైపు చేసినది ఈ వ్యాసకర్తే. దానికి బాలస్వామి గారి సమాధానం ఒకే వాక్యం: నివేదికలో రాసినదే నా సంజాయిషీ. తప్పుడు ధ్రువపత్రం ఇచ్చినందుకు మందలింపు నమోదైంది. ముప్పై అయిదేళ్ల సర్వీసులో అదొక్కటే.

మే నెలంతా వారు తమకున్న సెలవులు పెట్టి, నెత్తిన తువ్వాలు చుట్టుకొని ఆ పడమటి గోడ దగ్గరే నిలబడ్డారు. మేస్త్రీలు అడుగు వరస నాపరాళ్లు ఒక్కొక్కటే ఊడదీసి లోపలి ఊకను గుంజి బయటపోశారు. అడుగుది నల్లగా ముద్దలు ముద్దలుగా వచ్చింది, ముక్కు మూసుకోవాల్సిన వాసన. దాని మీదిది మాత్రం నిన్న మిల్లు నుంచి తెచ్చినట్టు పచ్చగా, పొడిగా జారింది. దాన్ని చేతిలోకి తీసుకొని బాలస్వామి గారు వేళ్ల మధ్య నలిపి చూశారని సాయి ప్రియ చెప్పింది. కృత్తిక కార్తె ఎండకు గోడ లోపలి చెమ్మ రెండు వారాల్లో ఆరిపోయింది. ఈసారి నడుమ ఖాళీని ఖాళీగానే వదిలేశారు. రాళ్ల సందులన్నీ కొత్తగా పూశారు. పదకొండు రంధ్రాలూ తెరిచి, ఒక్కొక్కదానికీ సన్నటి ఇనుప జల్లెడ ముక్క బిగించారు. ఎలుకా రాదు, నీరూ ఆగదు.

అప్పుడే ఈ జల్లెడ పెట్టుంటే సరిపోయేది కదా సార్ అని సాయి ప్రియ నోరు జారింది. తట్టలేదమ్మా అన్నారు వారు. ఇంత చిన్న విషయం తట్టకపోవడమే వారికి అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించిందని ఆమె గ్రహించి, తిరిగి ఆ మాట ఎత్తలేదు.

ఇక మిగిలింది వినీత గారి నిర్ణయం. తిరిగి పరీక్షించిన మీదట సంఘం రుణానికి సమ్మతించింది గాని, ఇన్ని రాళ్లు ఊడదీసిన ఇల్లు మనకెందుకని ఆమె ఇంటివారు వెనక్కి లాగుతున్నారు. ఊర్లో మరో రెండిళ్లు కూడా చూసి వచ్చారు. గడువు ఇంకా పది రోజులే ఉంది. వినీత గారు ఒక సాయంత్రం ఒంటరిగా వచ్చి, గదులన్నీ తిరిగి, సాయి ప్రియదీ బాలస్వామి గారిదీ రెండు నివేదికల నకళ్లూ అరుగు మీద కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చదివారు. బాలస్వామి గారు ఇల్లు గట్టిదని గాని, కొనమని గాని ఒక్క మాట చెప్పలేదు. మహానందమ్మ గారు గడప దగ్గర నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నారు. చివరికి వినీత గారు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు.

"వేరే ఇండ్లు చూసినప్పుడు అందరూ అంతా బాగుందనే చెప్పినారు సార్. మీరొక్కరే మీ తప్పు మీరే రాసుకున్నారు. ఇంగ మిగతాదంతా నిజమేనని నాకు నమ్మకం కుదిరింది. ఈ ఇల్లే తీసుకుంటా."

జూన్ అయిదో తేదీన ఇంటి రిజిస్ట్రేషన్ జరిగింది. తొమ్మిదో తేదీన, గడువుకు ఒక్కరోజు ముందు, అంగడి మహానందమ్మ గారి పేరు మీదికి వచ్చింది.

విరమణ కానుకగా ఆ మందలింపును సర్వీసు పుస్తకం నుంచి తొలగించాలని పాలకవర్గం వారు గత వారం ఏకగ్రీవంగా తీర్మానించబోయారు. బాలస్వామి గారు లేచి, చేతులు జోడించి, వద్దన్నారు. "రేపు వినీతమ్మ ఆ ఇల్లు అమ్ముకునే దినం వస్తుంది. అప్పుడు వచ్చే ఇంజనీరు ఆ గోడను ఎందుకు ఊడదీసినారో చూస్తాడు. నా తప్పు కొట్టేస్తే, ఆయమ్మ కాగితం గూడా అబద్ధమైపోతుంది సార్. ఉండనీండి." పాలకవర్గం వారు తీర్మానం ఉపసంహరించుకున్నారు. ఆ పుట అలాగే ఉంది, కావలసినవారు చూసుకోవచ్చు. మన కార్యాలయంలో కొత్తగా చేరేవారికి ముందుగా చూపించవలసిన పుట అదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

విరమణానంతరం విశ్రాంతి తీసుకుంటారా అని అడిగితే, ముందు పాణ్యం పోవాలి, తర్వాత గోస్పాడు అన్నారు. ఆ మూడిళ్లవారూ ఇల్లు అమ్మడం లేదు, గోడ చెడిందని ఎవరూ ఫిర్యాదూ చేయలేదు. అయినా ఇనుప జల్లెడ చుట్ట ఒకటి కొని ఇంట్లో సిద్ధంగా పెట్టుకున్నారట. జయమ్మ గారికి కోపం వచ్చిందట, ఆపైన ఆమే దాన్ని కొలత ప్రకారం, ఇంటికి పదకొండు చొప్పున, ముప్పై మూడు ముక్కలుగా కత్తిరించి పెట్టారట.

ఈ సంచికలో తన మాట కూడా ఒకటి వేయమని మహానందమ్మ గారు ఆళ్లగడ్డ నుంచి కబురు చేశారు. ఆమె చెప్పినది చెప్పినట్టే అచ్చువేస్తున్నాం: "మా బాలస్వామప్ప నిజం చెప్పినందుకు నా అంగడి నాకు మిగిలింది. మహానందీశ్వరునికి మొక్కుకున్నా, ఆయప్ప చర్చి దేవునికి గూడా మొక్కుకున్నా. ఎవరు ముందు వింటే వాళ్లు ఆయప్పకు ఆయుస్సు ఇయ్యాల."

ఆ మొక్కులో మన కార్యాలయమంతా చేతులు కలుపుతోంది. వంగి గోడ అడుగు చూడగల మోకాళ్లూ, మసకబారని చూపూ, జయమ్మ గారి చేతి భోజనానికి తగిన ఆకలీ, రాత్రి పడుకోగానే పట్టే నిద్రా శ్రీ బాలస్వామి గారికి మరెన్నో ఏళ్లు నిలవాలనీ, ఆ దంపతులు ఆయురారోగ్యాలతో, సకల సౌఖ్యాలతో మన నడుమనే తిరుగుతూ ఉండాలనీ, ఎదురైన ప్రతి ఒక్కరి ముఖాన్నీ నేరుగా చూసి పలకరించగల ఆ హాయి వారికి కడదాకా తరగకుండా ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.